మూడో నంబరు రేకు

మా చిన్నమ్మాయి ఒంటిచేత్తో కోటానుకోట్ల పరమాణువుల్ని మాయం చేసింది. పదమూడేళ్ళ పాటు లోకంలో ఎవరికీ వాటి జాడ దొరకలేదు. ఆ తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం, కప్పులో టీ చల్లారేలోపు, అన్నిటినీ తెచ్చి ఎక్కడివక్కడ పెట్టేసింది.

ఇందులో కాస్త ఎక్కువ చెప్పాను. మాయం చేసిందంటే సంచిలో వేసుకుని పట్టుకుపోయిందని కాదు. అవి ఉన్న చోటే ఉన్నాయి. ఆమె లేవంది, లోకమూ సరేనంది, అంతే. టీ కూడా చల్లారిపోయింది, నేనే వేడి చేసి తెచ్చాను. మంగళవారమన్నది మాత్రం ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను.

ఆమె చేసే పనేమిటని అడిగితే నేను ఒక్కొక్కరికీ ఒక్కోలా చెబుతూ వచ్చాను. పక్కింటి కుట్టుమిషనావిడకి రాళ్ళ జాతకం చూస్తుందని చెప్పాను. ఇక్కడ మాత్రం బుద్ధిగా చెబుతాను. బొటనవేలి గోరంత పలక ఒకటి ఉంటుంది. స్ఫటికం. అద్దంలా నునుపు చేసిన పలక. దాని మీదికి ఎక్స్‌రే కిరణాన్ని ఏటవాలుగా, దాదాపు పడుకోబెట్టినట్టు పంపిస్తారు. చెరువులో చిల్లపెంకు విసిరితే నీళ్ళ మీద తాకుతూ పోతుంది చూడండి, అలాగ. స్ఫటికంలో పరమాణువులు వరసలు కట్టి ఉంటాయి కాబట్టి ఆ కిరణం కొన్ని వైపులకే గట్టిగా చెదిరి, చుక్కలు చుక్కలుగా వెలుగుతుంది. చుక్కకీ చుక్కకీ మధ్య చీకటే ఉండాలి. కానీ ఉండదు. సన్నని దారంలాంటి వెలుగు ఒకటి మిగులుతుంది. ఆ స్ఫటికం ఎక్కడో ఒకచోట ఆగిపోయింది కాబట్టి, దానికొక పైవరస ఉంది కాబట్టి, ఆ దారం ఉంది. పైవరస కథంతా ఆ దారంలోనే ఉంటుంది.

"గోడ లోపలి ఇటుకలన్నీ ఒకేలా ఉంటాయి నాన్నా. వాటి సంగతి అందరికీ తెలుసు. పైన చివరి వరస ఎలా ఉందన్నదే నా పని" అని ఒకసారి చెప్పింది. ఆ ఏడాది మొత్తమ్మీద ఆమె నాతో మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

కొలవడానికి వారం పడుతుంది. ఆ కొలతల్ని విప్పి లెక్క కట్టడానికి ఏడాది పడుతుంది. దారం పొడవునా ఒక్కో చోట వెలుగెంతో రాసుకోవాలి. అందులోంచి అక్కరలేని వెలుగు తీసేయాలి. కిరణం పలక దాటి ఎంత ఒలికిపోయిందో లెక్క వేయాలి. ఒకేలా ఉండాల్సిన నాలుగు దారాలు నిజంగా ఒకేలా ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ తర్వాత కూర్చుని, పైవరస ఇలా ఉంటే ఈ దారం వస్తుందా, అలా ఉంటే వస్తుందా అని ఊహించుకుంటూ పోవాలి. ఈ పనికి గుండె కొట్టుకోనివాళ్ళు కావాలి. మా అమ్మాయి దానికోసమే పుట్టింది.

చిన్నప్పటి నుంచీ ఆమె మొహంలో ఏమీ కనబడదు. క్లాసులో మొదటి మార్కు వచ్చినా, మోకాలు పగిలినా ఒకే మొహం. వాళ్ళమ్మ పోయిన రోజు ఇంటికొచ్చినవాళ్ళకి కుర్చీలు సరిపోయాయో లేదో లెక్క పెట్టుకుంటూ తిరిగింది. నాకు చెడ్డ కోపం వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత మాటల్లో బయటపడింది. ఆ రోజు ఒక కుర్చీ తక్కువైందట. అందుకని సాయంత్రం దాకా తను నిలబడే ఉందట.

ఇరవై తొమ్మిదో ఏట ఆమె ఆ పెద్ద యంత్రం దగ్గర వారం రోజులు కూర్చుంది. ఎలక్ట్రాన్లని ఒక రింగులో పరిగెత్తించి ఎక్స్‌రే కిరణాలు పిండే యంత్రమది, ఊరవతల పెద్ద గుండ్రటి భవనం. దాని చుట్టూ గదులు. వారానికొకరికి ఒక గది ఇస్తారు. టైమ్ అయిపోగానే ఇంకొకరు తలుపు తడతారు. అక్కడ కొలిచి, ఏడాది లెక్క కట్టి, ఆ పలక పైవరసలో సగం పరమాణువులు లేవని తేల్చింది. సగం సీట్లు ఖాళీ. అవి ఖాళీగా ఉన్నాయి కాబట్టే ఆ పలక గాలిలోంచి కొన్ని వాయువుల్ని పట్టి ఉంచుతుందని చెప్పింది. పేరున్న పత్రికలో అచ్చయింది. వంద మందికి పైగా తమ పేపర్లలో దాన్ని ఆధారంగా చూపించుకున్నారు. ల్యాబ్‌లో ఉద్యోగమూ దానివల్లే వచ్చింది. పనిచేసేచోట అందరూ ఆమెని ఖాళీలమ్మ అంటారు. ఎదురుగానే అంటారు. ఆమె పలుకుతుంది కూడా.

ఇక మంగళవారం దగ్గరికి వస్తాను.

మంగళవారాలు ఆమె ఇంట్లోనే పని చేసుకుంటుంది. భోజనాల బల్లకి ఆ చివర ఆమె, ఈ చివర పేపరు పట్టుకుని నేను. ఆ వారం లెక్కలు కట్టే కొత్త ప్రోగ్రామ్ ఒకటి రాసింది. కొత్త త్రాసు తెస్తే ముందు బరువు తెలిసిన రాయి పెట్టి చూస్తాం కదా, అలాగే జవాబు తెలిసిన తన పాత కొలతల్ని అందులో వేసింది.

కాసేపటికి "ఊఁ" అంది.

మా ఇంట్లో ఆ "ఊఁ" అంటే ఇల్లు అంటుకుంది అన్నంత మాట. నేను పేపరు దించాను.

"ఏమైందే?"

"పైవరస నిండుగా ఉందంటోంది."

"మంచిదేగా."

"మంచిది కాదు నాన్నా. సగం ఖాళీగా ఉండాలి."

ప్రోగ్రామ్‌లో తప్పుందనుకుని ఆరుసార్లు వేసి చూసింది. ఆరుసార్లూ నిండుగానే వచ్చింది. అప్పుడు పాత లెక్కనీ కొత్త లెక్కనీ పక్కపక్కన పెట్టి, ఒక్కో అంకె మీద పెన్సిలు ఆనిస్తూ కిందికి దిగింది. తొంభై రెండో వరస దగ్గర పెన్సిలు ఆగింది.

నాకు చెప్పినదాన్ని బట్టి సంగతి ఇది. చుక్కల దగ్గర వెలుగు మరీ ఎక్కువ. డిటెక్టర్ తట్టుకోలేదు. అందుకని దారిలో పల్చని లోహపు రేకులు అడ్డం పెడతారు, ఎండలో నల్లకళ్ళజోడు పెట్టుకున్నట్టు. లెక్క కట్టేటప్పుడు ఆ రేకు ఎంత మింగిందో అంతా తిరిగి కలిపేయాలి. దారం మధ్యలో వెలుగు ఎలాగూ తక్కువ కాబట్టి అక్కడ రేకు ఉండదు. పదమూడేళ్ళ కిందట మా అమ్మాయి రేకుల పెట్టె మీద అంటించిన కాగితం చూసి, మూడో నంబరు రేకు ముప్పై వంతుల్లో ఒక వంతు వెలుగే బయటికి వదులుతుందని చేత్తో కొట్టింది. కొత్త ప్రోగ్రామ్ ఆ అంకెని యంత్రశాల రికార్డులోంచి తనే తెచ్చుకుంది. అక్కడ పద్నాలుగు వంతుల్లో ఒక వంతని ఉంది. అంటే చుక్కల దగ్గరి వెలుగుని మా అమ్మాయి రెండింతల పైగా పెంచి రాసింది. దాని పక్కన చూస్తే దారం నడుము వెలవెలబోయింది. నడుము వెలవెలబోయిందంటే పైవరసలో సగం లేనట్టు లెక్క.

"నాలుగు దారాలూ ఒకేలా ఉన్నాయన్నావుగా?" అన్నాను. నాకూ కొన్ని తెలుసు.

"నాలుగింటికీ అదే రేకు" అంది.

ఆ పెట్టెని చూసుకున్న ఆపరేటర్ ఇప్పుడు రిటైరయ్యి ఇంట్లో కుర్చీలు చేసుకుంటున్నాడట. ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అవతల సుత్తి చప్పుడు.

"ఎవరూ?"

"నేను సార్. తొమ్మిదో గదిలో స్ఫటికం పలకతో వారం కూర్చున్నదాన్ని."

"ఓ, ఖాళీలమ్మా! బాగున్నావా తల్లీ?"

"బాగున్నాను. మూడో నంబరు రేకు ఎప్పుడు మార్చారు?"

"నువ్వు కూడా బాగున్నారా అని నన్ను అడగాలమ్మా, అప్పుడు విషయంలోకి రావాలి."

"బాగున్నారా? మూడో నంబరు రేకు ఎప్పుడు మార్చారు?"

సుత్తి ఆగింది. ఆయన నవ్వాడు. "అది మర్చిపోతానా? తుడుస్తూ తుడుస్తూ బొటనవేలు దిగేశాను దాంట్లో. నువ్వు రావడానికి పది రోజుల ముందు. అదే మందం దొరక్క కొంచెం పల్చనిది పెట్టాను. రిజిస్టర్లో రాశాను చూడు."

"రాశారు. పెట్టె మీది కాగితం?"

"కాగితమా... మార్చే ఉంటాను."

"మార్చలేదు. నా దగ్గర ఫోటో ఉంది."

"ఫోటో తీశావా?"

"తీశాను."

"అయితే మార్చలేదన్నమాట." సుత్తి కింద పెట్టిన చప్పుడు. "ఏమైనా ఇబ్బందయిందా తల్లీ?"

"ఒక వరస తేడా వచ్చింది సార్."

"ఒక్క వరసేగా?"

"ఒక్క వరసే" అని పెట్టేసింది.

నేను ఆమె మొహంలోకి చూశాను. చీమ కుట్టినట్టయినా లేదు. గడియారం చూసుకుంది. "నాలుగింటికి పన్ను పీకించుకోవాలి" అని లేచింది.

మా అల్లుడు పళ్ళ డాక్టరు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఎక్స్‌రేలు చూసేవాళ్ళే. ఈయన చూసి మాట్లాడుతూనే ఉంటాడు, ఆవిడ చూసి ఊరుకుంటుంది. ఆయన క్లినిక్‌లో ఏసీ బాగుంటుందని నేనూ వెంట వెళ్ళాను. కుర్చీ వెనక్కి వాల్చి, చిగుట్లో సూది వేసి, పది నిమిషాలాగి చిన్న కడ్డీతో తట్టాడు.

"ఇక్కడ తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"ఇటువైపు?"

"లేదు."

"ఇటువైపు నేనింకా సూదే వెయ్యలేదోయ్!" అని నావైపు తిరిగాడు. "ఏమైంది మామయ్యగారూ? పొద్దున బాగానే ఉందే."

నేను చెప్పాను. రెండు ముక్కల్లో చెప్పాల్సింది ఇరవై ముక్కల్లో చెప్పి ఉంటాను. ఆయన పట్టకారు పట్టుకునే విన్నాడు. మంచివాడే కానీ ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియదు. పన్ను పీకి, పళ్ళెంలో టంగుమని వేసి, "సరే, పలకలో ఖాళీలు లేకపోతేనేం, ఇదిగో ఒకటి నేను చేసి పెట్టాను" అన్నాడు. ఆమె దూది నోట్లో పెట్టుకుని పైకప్పు చూసింది. ఆయనకి తన మాట తనకే బాగా లేకపోయింది. చేతి తొడుగులు తీసి ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు. అది కూడా తెలిసిందో లేదో నేను చెప్పలేను.

మర్నాడు ఆమె ఆఫీసుకి వెళ్ళేముందు నేను వీధి గుమ్మం దగ్గర అడ్డం నిలబడ్డాను.

"ఎవరికీ తెలియదుగా. వదిలెయ్."

పన్ను పీకిన వైపు బుగ్గ వాచి ఉంది. చెప్పులు తొడుక్కుంటూ, "నువ్వేనా ఈ మాటంటోంది? కాన్వెంటులో చదివాను, తప్పు చేస్తే మోకాళ్ళ మీద కూర్చుని చెప్పేవాళ్ళం అంటావుగా" అంది.

"చెప్పేవాళ్ళం. ఏ వారమైనా చెప్పడానికి తప్పు లేకపోతే కల్పించి చెప్పేవాణ్ణి. సిస్టర్లు నొచ్చుకుంటారని. చూడమ్మాయ్, డెబ్బై ఏళ్ళుగా నేను కోతలు కోస్తున్నాను. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి తీసుకున్నానా? ఏమైంది? ఆకాశం ఊడి పడిందా?"

"నీ కోతల మీద ఎవరూ లెక్కలు కట్టలేదు నాన్నా."

పక్కకి జరిగి దారిచ్చాను.

ఆ రోజు ల్యాబ్ డైరెక్టర్‌తో ఏం జరిగిందో సాయంత్రం కంచం ముందు కూర్చుని ఫోన్ నంబర్లు చదివినట్టు అప్పజెప్పింది. మరుసటి నెలలో ఆమెని తను పనిచేసే విభాగానికి పెద్దని చేయాలని డైరెక్టర్ పైకి రాసి ఉన్నాడు. రాసిన కాగితంలో మొదటి పేరా ఆ ఖాళీల గురించే.

"ఎవరైనా అడిగారా అమ్మా?" అన్నాడట ఆయన.

"లేదు సార్."

"అడిగినప్పుడు చెబుదాం."

"అడగరు సార్. అందరూ నమ్మారు."

"పోనీ, ఇంకో పలక కొలిచి, మరింత మెరుగైన కొలతలో వేరే ఫలితం వచ్చిందని రాద్దాం. ఎవరికీ నొప్పి ఉండదు."

"మెరుగైన కొలత కాదు సార్. అప్పుడు కట్టిన లెక్క తప్పు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, శుక్రవారం దాకా ఆలోచించుకో అన్నాడట. ఆ తర్వాత తను పైకి రాసిన కాగితం తనే వెనక్కి తెప్పించుకోవాల్సి ఉంటుందని కూడా చెప్పాడట. బెదిరించడానికి కాదు, నిజంగానే బాధపడుతూ.

"మరి నువ్వేమన్నావు?" అని అల్లుడు అడిగాడు.

"సరే అన్నాను."

"దేనికి సరే?"

"శుక్రవారానికి."

గురువారం ఆమె సెలవు పెట్టింది. ఆలోచించుకోవడానికని మేమనుకున్నాం. పొద్దున్నుంచీ పాత ఈమెయిళ్ళు చదువుతూ కూర్చుంది. ఆమె పేపరుని ఆధారం చేసుకున్నవాళ్ళు ఎవరెవరు, వాళ్ళలో దానివల్ల నష్టపోయినవాళ్ళు ఎవరు అని చూస్తోంది. పదకొండింటికి నన్ను పిలిచి స్క్రీన్ చూపించింది.

ఏడేళ్ళ కిందట ఎవరో పరిశోధన చేసే అమ్మాయి రాసిన ఉత్తరాలవి. మూడున్నాయి. అదే రకం పలక తనూ కొలిచానని, తనకి పైవరస నిండుగా వస్తోందని, తను ఎక్కడ తప్పు చేస్తోందో చెప్పమని. మొదటి ఉత్తరంతో పాటు తన కొలతలన్నీ పంపింది. మా అమ్మాయి మూడింటికీ మర్యాదగా జవాబిచ్చింది. మూడింటిలోనూ ఒకటే మాట: మీ పలక శుభ్రంగా ఉందో లేదో మరోసారి చూసుకోండి. మూడో జవాబుకి ఆ అమ్మాయి ఒకే లైను రాసింది. చూసుకున్నాను మేడమ్, అయినా రావడం లేదు, ధన్యవాదాలు. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఆ కొలతలు చూశావా అప్పుడు?" అన్నాను.

"తెరవలేదు. తప్పని ముందే తెలుసు కదా."

ఆ తెలుసు అన్న మాటని ఏ రంగూ లేకుండా అంది. నంబరు ఎలాగో సంపాదించింది. ఆ అమ్మాయి ఇప్పుడు కళ్ళద్దాల ఫ్యాక్టరీలో అద్దాల మీది పూత పరీక్ష చేస్తోందట. టీ విరామంలో దొరికింది. ఈసారి స్పీకర్ పెట్టలేదు గానీ ఆ ఫోను గొంతు పెద్దది, నా చెవులు కూడా ఈ విషయంలో ముసలివి కావు.

"మీరు నాకు మూడు ఉత్తరాలు రాశారు" అంది మా అమ్మాయి.

"అయ్యో, గుర్తుందా మేడమ్! మీరు జవాబులిచ్చారు. పెద్దవాళ్ళెవరూ ఇవ్వరు. మా ల్యాబ్‌లో అందరికీ చూపించుకున్నాను."

"మీ పలక శుభ్రంగానే ఉంది."

"ఏమిటండీ?"

"మీరు కొలిచిందే సరైనది. పైవరస నిండుగానే ఉంటుంది. తప్పు నాది. రేకు లెక్క తప్పు వేశాను."

అవతల యంత్రాల రొద, ఎవరో ఎవరినో కేకేస్తున్న చప్పుడు.

"నలభై ఒక్కసార్లు కడిగాను మేడమ్ ఆ పలకని" అంది ఆ అమ్మాయి. "కడిగి కడిగి, చివరికి తప్పు పలకది కాదు, నా చేతులదే అనుకున్నాను. ఈ పనికి పనికొచ్చే చేతులు కావని. మా సార్ కూడా అదే అన్నారు."

"మీ చేతులు బాగానే ఉన్నాయి."

"ఇప్పుడు చెబితే నేనేం చేసుకోను మేడమ్?"

"తెలియదు."

మామూలుగా అలాంటప్పుడు మనం ఓదార్పుకి ఏదో ఒకటి అంటాం. మా అమ్మాయి అనలేదు. ఫోను చెవికి పెట్టుకుని అలాగే కూర్చుంది.

"అచ్చులో రాస్తారా?" అని అవతలి నుంచే వచ్చింది.

"రాస్తాను. మీ కొలతలు నా దగ్గరున్నాయి. ముందుగా కనిపెట్టింది మీరని, మీ పేరు పెట్టి రాద్దామనుకుంటున్నాను. మీరు ఒప్పుకుంటేనే."

"పెట్టండి. ఫ్యాక్టరీ సంగతి మాత్రం రాయకండి. పని మానేసి ఇలాంటివి చేస్తోందంటారు వీళ్ళు." ఇంకేదో అనబోయింది. గంట మోగింది. "ఉంటాను మేడమ్. నేను... సరే, ఉంటాను."

నేను కళ్ళజోడు సవరించుకుని మరీ చూశాను. మా అమ్మాయి కళ్ళు పొడిగానే ఉన్నాయి. లేచి వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. సబ్బు రాసింది, కడిగింది. మళ్ళీ రాసింది, కడిగింది. కుళాయి అలా పోతూనే ఉంది.

"అమ్మాయ్, నీళ్ళు" అన్నాను.

కట్టేసింది.

భోజనమయ్యాక పత్రికకి పంపే ఉత్తరం రాసింది. పదకొండు లైన్లు. భాష చూడమని నాకిచ్చింది. చూడమంటే ఊరుకుంటానా, కాన్వెంటులో కామా మరిచిపోతే చెవి మెలిపెట్టేవాళ్ళు. ఎర్రపెన్ను తీసుకుని కూర్చున్నాను.

"మరీ మొండిగా ఉందే ఇది. చివర్లో విచారిస్తున్నాను అని ఒక్క మాట పెట్టు."

"విచారం కొలవలేదు నాన్నా. కొలవనిది ఎలా రాయను?"

"పోనీ ఆ ఆపరేటర్ సంగతి రాయవేం? వేలు దూర్చింది ఆయన, కాగితం మార్చనిది ఆయన. నువ్వు మధ్యలో ఇరుక్కున్నావు."

"అతుకు కొలవనిది నేను."

అతుకంటే ఏమిటో అప్పుడు చెప్పింది. రేకు పెట్టి కొలిచిన భాగమూ, రేకు లేకుండా కొలిచిన భాగమూ ఎక్కడ కలుస్తాయో, ఆ ఒక్క చోట రెండు విధాలా కొలవాలట. రేకుతో ఒకసారి, రేకు లేకుండా ఒకసారి. రేకు అంకె తప్పయితే అక్కడే మెట్టులా ఎగుడుదిగుడు కనబడిపోతుందట. ఈ పని చేసే ప్రతివాళ్ళూ మొదటి రోజే నేర్చుకునే సంగతట.

"అప్పుడు టైమ్ అయిపోయిందన్నావుగా. ఎనిమిదింటికి తర్వాతివాళ్ళు తలుపు తట్టారని."

పదమూడేళ్ళుగా ఆమె అందరికీ చెప్పిన మాట అది. పేపరు చివర కూడా వ్యవధి చాలక కొన్ని చోట్ల సరిచూడలేకపోయామని ఉంటుందట.

"ఇరవై నిమిషాలుంది" అంది. "ఆకలేసింది. క్యాంటీన్‌కి వెళ్ళాను."

"ఏం తిన్నావు?"

ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తట్టలేదు. ఆమె కూడా దాన్ని మామూలు ప్రశ్నలాగే తీసుకుంది.

"రొట్టె ముక్కలు. రెండు. కూర్చుని తిన్నాను. అద్దంలోంచి మా గది తలుపు కనబడుతూనే ఉంది. వెళ్ళి కొలవాలని తెలుసు. ఏడు రోజులుగా అక్కడే కూర్చుని ఉన్నాను కదా, కాళ్ళు కదల్లేదు. అంతే."

ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని, పెన్సిలుతో ఒక లైను కొట్టేసి, పైన ఇంకొకటి రాసింది. వ్యవధి చాలక అన్నది పోయింది. వ్యవధి ఉండీ సరిచూడలేదు అన్నది వచ్చింది. నా ఎర్రపెన్నుకి పని లేకుండా పోయింది.

శుక్రవారం పొద్దున ఆ ఉత్తరాన్ని పత్రికకీ, డైరెక్టర్‌కీ, ఫ్యాక్టరీలో పనిచేసే ఆ అమ్మాయికీ ఒకేసారి పంపింది. పంపి, బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళింది.

ఆ తర్వాత జరిగినదాంట్లో చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. పెద్ద గొడవ అవుతుందని అల్లుడూ నేనూ నడుం బిగించుకుని ఎదురుచూశాం. అవలేదు. పత్రికవాళ్ళు రెండు లైన్ల జవాబిచ్చారు, అందింది, పరిశీలిస్తామని. ఇద్దరు మెచ్చుకుంటూ రాశారు. ఒకాయన తిడుతూ రాశాడు, ఆయన తన పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఆ ఖాళీల మీదే కట్టుకున్నాడట. విభాగానికి వేరే ఆయన పెద్ద అయ్యాడు. ఆయన మొదటి రోజే వచ్చి మా అమ్మాయి గది కిటికీ పక్కనుందని, గది మార్చుకుందామా అని అడిగాడట. సరేనందట. ఫ్యాక్టరీ అమ్మాయి దగ్గర్నుంచి జవాబు రాలేదు. మా అమ్మాయి రోజూ చూసుకుంటుంది. చూసి మూసేస్తుంది.

"దిగులుగా ఉందా?" అని ఒకరోజు బల్ల దగ్గర అడిగాను.

ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, పెన్సిలు కింద పెట్టి. "ఏమీ లేదు నాన్నా. ఏదో ఉండాలి కదా అని చూస్తున్నాను. ఇంకా ఏమీ రాలేదు."

నాకు ఏమనాలో తెలియలేదు. నాలాంటివాడికి అది కొత్త.

అందుకే ఇదంతా రాశాను. రాసినప్పుడు చేతివాటం ఊరుకోదు, కొంత చేర్చే ఉంటాను. తొంభై రెండో వరసన్నాను, ఎనభయ్యో ఏదో కావచ్చు. ఫ్యాక్టరీ గంట మోగిందో లేదో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. రాసి, ఒక ఆదివారం పొద్దున ఆమెకి ఇచ్చాను. బట్టలు మడత పెడుతున్నదల్లా ఆపి, నిలబడే చదివింది. ఒక్క పేజీ కూడా దాటవేయలేదు. చివరికొచ్చాక అంచులు సమంగా తట్టి కాగితాలు నా చేతిలో పెట్టింది.

"ఇది ఎవరి గురించి?"

"నీ గురించే."

"కాదు. నేను క్యాంటీన్‌కి వెళ్ళలేదు. ఎవరికీ ఫోన్ చేయలేదు. ఏ ఉత్తరమూ రాయలేదు. ఇందులో ఉన్నదేదీ జరగలేదు నాన్నా. ఇదంతా నీ కోతే."